ఎటూ పోని వైరు

మంచిర్యాల అవతల గుట్ట మీదున్న టీవీ టవర్ మూతపడిన సంగతి ఆ బస్తీలో జమున ఇంటికి తప్ప ఎవరికీ తెలియలేదు. తెలియాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. అందరి ఇళ్లకూ కేబుల్ వచ్చి ఏళ్లయింది. పెరట్లో ఇనుప పైపు పాతి, దాని కొసకు అల్యూమినియం పుల్లల యాంటెనా కట్టుకొని దూరదర్శన్ చూసే ఇల్లు అదొక్కటే మిగిలింది.

కరోనా రెండోసారి వచ్చి పోయిన ఏడు అది. బడులు మళ్లీ తెరిచారు. జమున బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి, వంట గిన్నెలు తోమి, పొద్దు వాలే వేళకు ఇంటికి వచ్చేసరికి టీవీ నిండా తెల్లచుక్కలు కొట్టుకుంటున్నాయి. గరగరమని ఒకటే చప్పుడు. ఆమె మొగుడు మొగిలి పెరట్లో పైపును రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉన్నాడు.

ఆమె చెప్పుల చప్పుడు విని, "వచ్చిందా?" అని అడిగాడు.

జమున లోపలికి తొంగి చూసింది. "రాలే. జర ఇటు తిప్పు."

తిప్పాడు. రాలేదు. గుట్ట దిక్కు తిప్పాడు, గోదావరి దిక్కు తిప్పాడు. చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి.

"ఇగ ఉండనియ్యి. మబ్బు వట్టింది గద. రేపు పొద్దుగాల వస్తది తియ్యి."

మబ్బేమీ పట్టలేదు. మొగిలి తల ఎత్తి ఆకాశంలోకి చూశాడు. ఆమె చెప్పింది గనక ఉండే ఉంటుందనుకొని పైపు వదిలి లోపలికి వచ్చాడు.

మొగిలి ఒకప్పుడు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. ఇనుప కడ్డీతో కప్పును తట్టి, చప్పుడును బట్టి బండ గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పేవాడు. ఒకనాడు రెండో షిఫ్టులో అతడు కడ్డీ ఎత్తకముందే బండ రాలింది. ప్రాణం దక్కింది గానీ తల లోపల ఏదో చెదిరిపోయింది. ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచి, చివరికి అన్‌ఫిట్ అని ఇంటికి పంపించారు.

ఇంటికి వచ్చిన మనిషికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. సందు చివరి దుకాణానికి పోతే తిరిగి ఇల్లు దొరకదు. అన్నం తిన్న సంగతి చెయ్యి ఆరేలోపే మరిచిపోతాడు. పొద్దునో సాయంత్రమో జమున చెప్పాలి. ఆమె "తిన్నవు" అంటే తిన్నట్టు, "పండుకో" అంటే రాత్రి అయినట్టు. తన తలలో నిలవని దినాన్ని ఆమె నోటి నుంచి తీసుకొని బతికేవాడు. అతడు ఆమెను ఎదురడిగిన రోజు లేదు. ఆ నమ్మకాన్ని చూసి మొదట్లో జమునకు ఏడుపు వచ్చేది, తర్వాత అలవాటైంది.

అన్నీ పోయినా అతనికి ఒక పని మాత్రం మిగిలింది. వానకో గాలికో టీవీలో బొమ్మ చెదిరితే ఎవరూ చెప్పకముందే లేచి పెరట్లోకి పోయేవాడు. పైపు పట్టుకొని, "వచ్చిందా?" అని కేకేసేవాడు. లోపలి నుంచి జమున, "ఇంక జర. ఆ… ఆగు, ఆడనే," అనేది. బొమ్మ కుదురుకున్నాక కూడా కాసేపు పైపును అట్లాగే పట్టుకొని నిలబడి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ లోపలికి వచ్చి టీవీ ముందు నిలబడేవాడు. అప్పుడు అతని ముఖం బాయికి పోయి వచ్చిన నాటి ముఖమయ్యేది. అలసిపోయి, తృప్తిగా, కొంచెం గర్వంగా. ఆ ముఖం చూడాలనిపించి బొమ్మ బాగానే ఉన్నా "గిది కదులుతుంది, జర సూడరాదు" అని జమున అతణ్ని లేపిన రోజులున్నాయి.

కేబుల్ ఒకసారి పెట్టించి చూసింది. ఛానళ్లు మారుతుంటే అతడు తల పట్టుకొని కూర్చున్నాడు. తీయించేసింది. దూరదర్శన్ అయితే నెమ్మదిగా నడుస్తుంది. పంటల ముచ్చట్లు, తర్వాత పాటలు, ఏడింటికి వార్తలు. వార్తలు చదివే ఆమె నమస్కారం అంటే మొగిలి తిరిగి చేతులు జోడించేవాడు. వార్తలు అయిపోయాక అన్నం అడిగేవాడు. ఎవరూ చెప్పకుండా అతనికి తెలిసిన పూట అదొక్కటే.

మర్నాడు కూడా బొమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. జమున బడి నుంచి వస్తూ మంచిర్యాల బజారులో మల్లేష్ దుకాణానికి పోయింది. మల్లేష్ టీవీలు బాగుచేస్తాడు, డిష్‌లు బిగిస్తాడు. అతని అన్న మొగిలితో కలిసి ఒకే షిఫ్టులో పనిచేసినవాడు.

"అది ఇగ రాదు వదినే," అన్నాడు మల్లేష్. "గుట్ట మీది మిషన్ బందువెట్టిన్రు. అంతట గట్లనే బందయితున్నయి. గిప్పుడంత డిజిటల్. చిన్న డిష్ వెట్టుకుంటె పైకెల్లి వస్తది, అద్దం లెక్క."

"మా యాంటెనాకు అస్సలే రాదా?"

"ఎంత తిప్పినా రాదు. గాలిల ఏమన్న ఉంటెనే గద అది పట్టుకునేది."

ఇంటికి పోయి మొగిలిని కూర్చోబెట్టి చెప్పింది. టవర్ బందయింది, ఇక పైపు తిప్పినా లాభం లేదు అని. అతడు శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు. పొద్దున లేస్తూనే పెరట్లోకి పోయి పైపు పట్టుకున్నాడు. చెప్పిన మాట నిలవలేదు, చేతుల అలవాటు నిలిచింది. ఎండలో పైపు తిప్పి తిప్పి అరచేతులు బొబ్బలెక్కాయి. బొబ్బల్లో పైపు తుప్పు చేరింది. జమున టీవీ ప్లగ్గు పీకి, "కరెంట్ లేదు, ఇగ ఊకో," అని చెప్పి చూసింది. అతడు తిరుగుతున్న ఫ్యాను వంక చూసి, మంచం మీద కూర్చున్నాడు.

బతుకమ్మ పండుగకు కూతురు స్పందన కరీంనగర్ నుంచి వచ్చింది. అక్కడ రక్తపరీక్షలు చేసే సెంటర్లో ఆ పిల్లకు ఉద్యోగం. తండ్రి చేతులు చూసి, ఆ పూటే మల్లేష్‌ను పిలిపించి డిష్ పెట్టించింది. పెరట్లో పైపు ఎలాగూ ఉంది గదా అని మల్లేష్ యాంటెనా విప్పి పక్కన పెట్టి, దాని జాగాలో డిష్‌ను బిగించాడు. పాత టీవీకే బాక్సు తగిలించాడు. ఆ సాయంత్రం వార్తలు చదివే ఆమె చీర అంచు మీది పువ్వులు కూడా కనబడ్డాయి. మొగిలి చేతులు జోడించాడు. స్పందన తల్లి వైపు చూసి నవ్వింది. జమున కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పండుగ దాటి పిల్ల వెళ్లిపోయిన కొన్నాళ్లకు గట్టిగా గాలివాన వచ్చింది. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయింది. మాట మధ్యలో తెగిపోయింది. కాసేపు ఆగితే దానంతటదే వచ్చేది. కానీ మొగిలి లేచి పోయి, పైపు పట్టుకొని, ఎప్పటిలాగే తిప్పాడు. తెర నల్లబడింది. సిగ్నల్ లేదని అక్షరాలు వచ్చి నిలబడ్డాయి.

"వచ్చిందా?"

"అయ్యో, అది తిప్పద్దు. గిది తిప్పేది కాదు."

"వచ్చిందా?" అన్నాడు మళ్లీ, ఇంకొంచెం తిప్పి.

మల్లేష్ వచ్చి, చేతిలో చిన్న మీటరు పట్టుకొని, అది కూతపెట్టేదాకా డిష్‌ను సవరించి పోయాడు. పోతూ చెప్పాడు. "గోరంత కదిలినా మొత్తం పోతది వదినే. పాతదాని లెక్క గాదు. ఉంటె ఉంటది, లేకుంటె లేదు. నడుమల ఏం ఉండది."

ఆ నడుమ ఉన్నదానితోనే మొగిలి ఇన్నాళ్లూ పనిచేశాడు. సగం బొమ్మ, గరగర వెనక మాట, ఎటు తిప్పితే చుక్కలు పలచబడతాయో చూపే ఆనవాలు. ఇప్పుడు ఎటు తిప్పినా నలుపే. అయినా అతడు తిప్పడం మానలేదు. గాలి లేకపోయినా, బొమ్మ బాగున్నా, తన పని తాను చేయాలన్నట్టు పోయి పైపు పట్టుకునేవాడు. జమున బడి నుంచి వచ్చేసరికి టీవీ నల్లగా ఉండేది, పెట్టిపోయిన అన్నం పెట్టినట్టే ఉండేది, అతడు ఎండలో పైపును కావలించుకొని నిలబడి ఉండేవాడు.

మల్లేష్ ఎన్నిసార్లని వస్తాడు. ఒకరోజు డిష్ సవరించి దిగి, విసుగు ఆపుకోలేక అననే అన్నాడు. "మొగిలన్నను జర కట్టడి చెయ్యి వదినే. నాకు దినాం గిదే పని అయితుంది."

జమునకు తల కొట్టేసినట్టయింది. అతడు పోగానే మొగిలి దగ్గరికి పోయి, పైపు మీది చేతులను లాగి పడేసింది. "నీతోని ఏమైతది? ఉన్నది ఆగం జేసుడు తప్పితే నీతోని ఏమైతది?"

మొగిలి తన రెండు చేతులనూ తిప్పి చూసుకున్నాడు. కోపం రాలేదు. "ఏం కాదా?" అని అడిగాడు. పొద్దెక్కిందా అని అడిగినట్టే అడిగాడు. ఆమె ఏది చెబితే అదే నిజమని, చెప్పేదాకా చూద్దామని, ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

జమున లోపలికి పోయింది.

ఆ సంగతి ఫోన్లో కూతురికి చెప్పుకొని ఏడ్చింది. స్పందన చాలాసేపు విని, "అవ్వా, ఒక పని చెయ్యి," అంది. "డిష్‌ను పైన డాబా మీద పెట్టించు. బాపుకు అందది. పాత యాంటెనాను పైపుకు మళ్ల కట్టిపిచ్చి ఉంచు, ఉట్టిగనే. తిప్పుకుంటడు. నువ్వు లోపటికెల్లి వచ్చిందను. అయిపాయె."

"మోసం జేసినట్టయితది గదనే."

"బాపు సంబరపడితె మోసమేంది? నువ్వు పరేషాన్ గాకు."

మల్లేష్ వచ్చి అట్లాగే చేశాడు. డిష్ డాబా మీదికి పోయింది. యాంటెనా మళ్లీ పైపెక్కింది. దాని గోధుమరంగు బద్దవైరును కిటికీలోంచి లోపలికి తెచ్చి, టీవీ పెట్టిన అల్మారా వెనక్కి తోసి వదిలేశాడు. ఆ కొసను దేనికీ తగిలించలేదు. తోస్తున్నవాడల్లా ఆగి, "వదినే, మంచిగనే చేస్తున్నమా?" అని అడిగాడు.

"నాకెర్క లేదు," అంది జమున.

ఆ చలికాలం వాళ్లకు బాగా గడిచింది. అన్ని బాధల మధ్య అట్లాంటి కాలం ఒకటి వస్తుందని జమున ఎన్నడూ అనుకోలేదు. పొద్దు వాలే వేళ రిమోటు చీర మడతలో పెట్టుకొని, చప్పుడు కాకుండా ఒక మీట నొక్కేది. తెర నల్లబడేది. మొగిలి లేచి పెరట్లోకి పోయేవాడు.

"వచ్చిందా?"

"రాలే. గుట్ట దిక్కు తిప్పు. ఇంక జర… ఆగు." మీట నొక్కేది. "వచ్చింది."

అతడు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేవాడు, ఆ ముఖంతో. అద్దంలాంటి బొమ్మను చూసి, "మంచిగ వస్తుంది," అనేవాడు. పక్కింటి వాళ్లను కూడా పిలిచి చూపించాడు. వాళ్లకు జమున ముందే చెప్పి ఉంచింది గనక, "నీ చేతుల మహిమనే మొగిలన్నా," అన్నారు. తిండి పెరిగింది. ఒక పొద్దున చొక్కా పైగుండీ తనే పెట్టుకున్నాడు. ఇంకోరోజు ఉన్నట్టుండి, బాయిలో తనతో పనిచేసిన లింగమూర్తి పేరు చెప్పి, వాడు బీడీలు దాచి తెచ్చేవాడని నవ్వాడు. ఎన్నో ఏళ్ల తర్వాత అతని తలలోంచి అతనంతట అతడే తీసిన ముచ్చట అది. జమున ఆ సంగతి ఫోన్లో స్పందనకు చెప్తూ ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది. బాగైపోతాడేమో అని ఇద్దరికీ అనిపించింది. పైకి మాత్రం ఇద్దరూ అనుకోలేదు.

శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న ఒకనాడు బస్తీ మీదికి కోతుల మంద దిగింది. జమున బడిలో ఉంది. కోతులు డాబాలెక్కి, నీళ్ల ట్యాంకుల మూతలు లాగి, దొరికిన ప్రతిదాన్నీ ఊపాయి.

ఆమె వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. టీవీ మీద సిగ్నల్ లేదన్న అక్షరాలు. పైపు దగ్గర మొగిలి లేడు. లోపలికి పరుగెత్తింది. అల్మారాను గోడ నుంచి పక్కకు జరిపి, దాని వెనక నేల మీద అతడు కూర్చొని ఉన్నాడు. చేతిలో బద్దవైరు కొస. అరచేతులు రెండూ చిట్లి ఉన్నాయి.

పొద్దంతా తిప్పినట్టున్నాడు. వచ్చిందని లోపలి నుంచి చెప్పేవాళ్లు లేరు. తిప్పడం, లోపలికి వచ్చి చూసుకోవడం, మళ్లీ పోవడం. చివరికి బాయి మనుషులు చేసే పనే చేశాడు. లైటు ఆరిపోయినప్పుడు చేతికి దొరికిన తాడునో పైపునో విడవకుండా తడుముకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దారి దొరుకుతుంది. అతడు యాంటెనా నుంచి వైరును పట్టుకొని తడుముకుంటూ, కిటికీలోంచి, గోడ వెంబడి, అల్మారా వెనక దాకా వచ్చాడు.

"గిది యాడికీ పోలే," అన్నాడు.

"కోతులు ఊపినట్టున్నయి. మల్లేష్‌కు ఫోన్ చేస్త. జర లే, చేతులు కడుగుత."

"యాడికీ పోలే," అని కొసను ఆమెకు చూపించాడు. లోపలి రాగి తీగలు రెండు పురి విప్పుకొని ఉన్నాయి. "నువ్వు వచ్చిందంటివి."

జమున అతని ఎదురుగా నేల మీద కూలబడింది. "నువ్వు సంబరపడుతున్నవని అన్న. గంతే. ఇంకేం లేదు."

అతడు విడిపోయిన తీగలను వేళ్లతో మళ్లీ పురిపెట్టాడు. తర్వాత, "నేను తిన్ననా?" అని అడిగాడు.

మరిచిపోయాడనుకుంది. ఎప్పటిలా అన్నీ జారిపోయినట్టే ఇదీ జారిపోయిందనుకొని, ప్రాణం కుదుటపడి, "తినలే. పెడుత ఆగు," అంది.

మొగిలి ఆమె ముఖంలోకి చూశాడు. గోడ పట్టుకొని లేచాడు. వంటింట్లోకి పోయి, అన్నం గిన్నె మీది మూత తీసి, అన్నం పెట్టినట్టే ఉందా లేదా అని వంగి చూశాడు. ఇన్నేళ్లలో అతడు అట్లా చూడటం అదే మొదలు.

ఎన్ని సంగతులో నిలవని ఆ తలలో ఈ ఒక్కటి నిలిచిపోయింది. ఎందుకు నిలిచిందో డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు. వైరు గురించి మళ్లీ ఎత్తలేదు. అది గుర్తుందో లేదో కూడా తెలియదు. కానీ ఆమె మాట అబద్ధం కావచ్చునన్నది మాత్రం మనసులో గూడు కట్టుకుంది. "పొద్దెక్కింది, లే" అంటే బయటికి పోయి సూర్యుణ్ని చూసి వచ్చేవాడు. "తిన్నవు గద" అంటే గిన్నెల మూతలు తీసేవాడు. పండుకోమంటే మంచం మీద కూర్చొని కిటికీలో నుంచి చీకటిని చూస్తూ ఉండేవాడు. అడగడానికి వేరే మనిషి లేడు, ఉన్న మనిషి మీద గురి లేదు. బాయిలో కప్పు మీద నమ్మకం లేని చోట నిలబడ్డవాడిలా రోజంతా బిక్కుబిక్కుమంటూ గడిపేవాడు. టీవీని మల్లేష్ బాగుచేసి పోయాడు గానీ అతడు దాని ముందు కూర్చోలేదు. పైపు దగ్గరికీ పోలేదు.

దెబ్బ తగిలిన నాటి నుంచి ఫిట్స్ రాకుండా పూటపూటా గోలీలు వేసుకోవాలి. జమున చేతిలో పెడితే తెల్లగోలీని వేళ్ల మధ్య పట్టుకొని, "గిది ఉట్టిదేనా?" అని అడిగాడు.

"ఉట్టిది గాదు. నీ మీద ఒట్టు, నా మీద ఒట్టు. ఏసుకో."

వేసుకున్నట్టే వేసుకొని, పెరట్లోకి పోయి ఉమ్మేశాడు. బతిమాలింది, చేతులు పట్టుకుంది, తిట్టింది. నోరు తెరవలేదు. చేసేది లేక గోలీలను పొడి చేసి మజ్జిగలో కలిపింది. కొన్నాళ్లు తాగాడు. ఒకరోజు నాలుక మీద పలుకు తగిలింది. వేలితో తీసి, వెలుతురులో పట్టి చూసి, గ్లాసును గుమ్మం మీద పెట్టి లేచిపోయాడు. ఆ తర్వాత ఆమె చేతి మజ్జిగే కాదు, ఆమె చేతి ముద్ద కూడా ముట్టలేదు. పక్కింటివాళ్లు పెడితే ఇంత తినేవాడు, లేకపోతే లేదు.

స్పందన సెలవు పెట్టుకొని వచ్చింది. తండ్రి కాళ్ల దగ్గర కూర్చొని, "నా చేతితోనన్న ఏసుకో బాపు," అంది.

మొగిలి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. "నీకు ఎర్కేనా?" అని అడిగాడు.

ఏమిటని స్పందన అడగలేదు. ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నేనే చెప్పిన బాపు, గట్ల చెయ్యమని. తప్పయింది."

అతని చెయ్యి మెల్లగా తల మీంచి జారింది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. స్పందన వంటింట్లోకి వచ్చి తల్లిని పట్టుకొని ఏడ్చింది. "అబద్ధం చెప్తె బాగుండునా అవ్వా?" అంది. తప్పు తనదేనని జమునకు తెలుసు. మల్లేష్ ఆ కొసను అల్మారా వెనక్కి తోస్తున్నప్పుడే తెలుసు. తెలిసీ ఆ ముఖం కోసం ఆశపడింది.

వేసవి సెలవులకు కొద్దిరోజుల ముందు పక్కింటామె బడికి పరుగెత్తుకుంటూ వచ్చింది. జమున అన్నం గరిటె కింద పడేసి ఇంటికి పోయేసరికి మొగిలి స్నానాల బండ పక్కన పడి కొట్టుకుంటున్నాడు. నోట్లోంచి నురగ. ఆగి మళ్లీ వచ్చింది, ఆగి మళ్లీ వచ్చింది. మంచిర్యాల ఆసుపత్రిలో తమతో కాదన్నారు. కరీంనగర్ తీసుకుపోయేసరికి ఒళ్లంతా కట్టెబారింది. అక్కడ ఐసీయూలో పడుకోబెట్టి, సూదులు పొడిచి, ఫిట్స్ ఆపారు. ఆపేలోపే కావాల్సింది అయిపోయింది. మెదడుకు గాలి అందలేదని డాక్టరు చెప్పింది. ఇక మాట రాదు, ఒక పక్క కదలదు, మనుషులను గుర్తుపట్టేదీ లేనిదీ చెప్పలేం, ఇంటికి తీసుకుపోండి అంది. గోలీలు ఎందుకు మానేశాడని అడిగింది. జమున, "నన్ను నమ్మలే," అంది. డాక్టరుకు అర్థం కాక స్పందన వైపు చూసింది. స్పందన తల వంచుకుంది.

అంబులెన్సులో ఇంటికి తెస్తుంటే జమున అతని తల పక్కన కూర్చుంది. మధ్యాహ్నపు ఎండ. కిటికీ అద్దాలకు రంగు పూసి ఉండటంతో బయటిది అతనికి కనబడదు. ఆమె వంగి చెవి దగ్గర చెప్పడం మొదలుపెట్టింది. "ఇంటికి పోతున్నం. పెద్దపల్లి దాటినం. పగటీలి అయింది. నువ్వు ఇయ్యాల ఏం తినలే, ముక్కుల పైపుకెల్లి పాలు వోసిన్రు." కాసేపాగి, "గుట్ట మీది టవర్ బందయింది. యాంటెనాకు ఇగ ఎన్నటికీ రాదు. ఆ వైరు ఉట్టిదే. నేనే ఉట్టిగ పెట్టిపిచ్చిన," అంది. బండి కింద చప్పుడు మారింది. "బ్రిడ్జి ఎక్కినం. కింద గోదావరి. నీళ్లు లెవ్వు, ఇసుకనే ఉన్నది."

అన్నీ నిజాలే చెప్పింది. అతని కళ్లు బండి కప్పు మీద ఉన్నాయి. విన్నాడో లేదో, వింటే నమ్మాడో లేదో తెలుసుకునే దారి ఆమెకు లేదు.

ఎండాకాలమంతా అట్లాగే గడిచింది. స్పందన ఉద్యోగం మానేసి వస్తానంటే జమున ఒప్పుకోలేదు. ఎవరూ అడగకపోయినా మల్లేష్ ఒకరోజు వచ్చి, డాబా ఎక్కి డిష్‌ను సరిచేసి, టీవీ పెట్టి చూపించాడు. మంచం మీంచి అతనికి కనబడేలా తిప్పి పెట్టాడు. బొమ్మ నిశ్చలంగా, శుభ్రంగా వచ్చింది. మొగిలి కళ్లు దాని మీదికి పోలేదు. మల్లేష్ రిమోటును జమున చేతికిచ్చి, "పోయొస్త వదినే," అని వెళ్లిపోయాడు. జమున మీట నొక్కి టీవీ ఆర్పింది. మళ్లీ ఎవరూ దాన్ని పెట్టలేదు.

ఆమె రోజూ అతణ్ని కడుగుతుంది, ఒత్తిగిల్లజేస్తుంది, వీపు మీది పుండ్లకు మందు రాస్తుంది, ముక్కు పైపులో జావ పోస్తుంది. గోలీలను ఇప్పుడు పొడి చేసి ఆ జావలోనే పోస్తుంది. అతడు ఉమ్మలేడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా పోయడం ఆపి, "ఇండ్ల గోలీ కలిపిన," అని చెప్పి మళ్లీ పోస్తుంది. చేసే ప్రతి పనీ పైకి చెబుతుంది. ఎవరికి చెబుతున్నదో ఆమెకే తెలియదు.

జూన్‌లో బడి తెరిచారు. పోకుండా ఇల్లు గడవదు. పొద్దున అతనికి జావ పోసి, పక్కకు తిప్పి, వెనక దిండు పెట్టి, "బడికి పోతున్న. పిల్లలు తిన్నంక వస్త," అని చెప్పింది. పక్కింటామె నడుమ నడుమ వచ్చి చూస్తానంది. కుక్కలు రాకుండా తలుపుకు బయట గడియ పెట్టి బయలుదేరింది.

బడిలో ఆమెతో కలిసి వండే మహేశ్వరి అప్పటికే పొయ్యి ముట్టించింది. జమునను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎట్లున్నడక్కా?"

"ఉన్నడు," అంది జమున. బియ్యం కడగడానికి కూర్చుంది.